పై గొంతు

నౌసోరి నుంచి సువా వెళ్ళే మినీబస్సుల్లో కామినియేలి నడిపే బండి ఎక్కినవాళ్ళకు ఒక మాట తప్పకుండా వినబడేది. నాసినూ దగ్గర ట్రాఫిక్‌లో బండి చిక్కుకోగానే అతను పాత పాట ఒకటి పెట్టేవాడు. నలుగురు మగవాళ్ళు, రెండు గిటార్లు, ఒక ఉకులేలే. పడవెక్కి వెళ్ళిపోతున్న పిల్లను రేవులో నిలబడి బతిమాలుకునే పాట. "కువా ని లాకో", వెళ్ళిపోకు, అని నాలుగు గొంతులూ కలిసి ఎత్తుకునే చోట అతను స్టీరింగు మీంచి ఒక చెయ్యి తీసి పైకి చూపించేవాడు.

"అదిగో, అందరికంటే పైన పోతోందే, ఆ గొంతు ఎవరిదనుకున్నారు? నాదే."

కొత్తవాళ్ళు అద్దంలో అతని మొహం చూసి మెచ్చుకోలుగా తలలూపేవాళ్ళు. రోజూ ఎక్కేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. బడిపిల్లలు మాత్రం "సరే మామా, నీ పాట అయిపోయిందిగా, ఇంక మాది పెట్టు" అని వెనక నుంచి గోల చేసేవాళ్ళు.

అతనికి యాభై దాటి కొన్నేళ్ళయింది. తైలేవు తీరంలో మడ చెట్ల పక్కన ఉన్న ఊళ్ళో పుట్టాడు. కర్రపెండలం తవ్వాడు, పీతలు పట్టాడు, బట్టల ఫ్యాక్టరీకి కాపలా కాశాడు, రొట్టెల బండి తోలాడు. వీటిలో దేని గురించీ అతను ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి అతని దగ్గర ఉన్నది ఆ క్యాసెట్టు ఒక్కటే. కుర్రతనంలో ఊరి బృందంలో పాడేవాడు. సకియాసి గిటారు వాయిస్తూ బృందాన్ని నడిపించేవాడు. సువాలో క్యాసెట్టు చేశారు, అది ఇంటింటికీ పోయింది, ఏ పెళ్ళిలో చూసినా అదే పాట. కవరు వెనక "పై గొంతు: కామినియేలి" అని అచ్చయింది. ఆ తర్వాత సకియాసి చెల్లెలు లితియానాను పెళ్ళి చేసుకున్నాడు. సకియాసి సైన్యంలో చేరి దేశాలు తిరిగి వచ్చి మినీబస్సు కొన్నాక, దాన్ని నడిపే పని బావగారికే ఇచ్చాడు.

ఆ బస్సులో స్పీకర్లు ముసలివైపోయాయి. ఎడమ తలుపులోనిది కాగితం చిరిగి గొంతు నొప్పితో ఉన్న కప్పలా గురగురలాడేది. కుడివైపుది వాన పడితే అసలు పలికేదే కాదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, చేమాకు కొబ్బరిపాల కూరతో అన్నాలయ్యాక సకియాసి మొదలుపెట్టాడు.

"ఏం బావా, నా బస్సులో డబ్బాలో రాళ్ళు పోసి ఊపినట్టు మోగుతోందట. బడిపిల్లలంతా నిన్ను వదిలేసి వెనకొచ్చే బండి కోసం ఆగుతున్నారట."

"బండి నీది, రాళ్ళూ నీవే. ఊపే చెయ్యి మాత్రం నాది."

"నీ మొహం చూసి దిగిపోతున్నారేమో. నేరం స్పీకర్ల మీదకి తొయ్యకు."

"నా మొహం చూసే మీ చెల్లెలు ఎక్కింది. ఇంతవరకూ దిగలేదు."

పక్కనున్నవాళ్ళు చాప మీద దొర్లి నవ్వారు. బావల మధ్య ఏ మాటయినా చెల్లుతుంది. ఉడుక్కున్నవాడు ఓడినట్టు. చివరికి సకియాసి కొంత డబ్బు ఇచ్చి, "ఇంతలోనే అన్నీ అవ్వాలి. వెనక సీటు కింద పెద్ద పెట్టె ఒకటి పెట్టించు. దడదడలాడాలి. రోడ్డు మీద వాడికి మనం వస్తున్నట్టు కడుపులో తెలియాలి" అని చెప్పాడు.

రేవా వంతెన దగ్గర పెర్మల్ కొట్టు ఉంది. గోడ నిండా స్పీకర్లు బిగించి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీట పెట్టాడు. కామినియేలి లోపలికి వెళ్ళి, "తక్కువలో కావాలి. కానీ నాలుగు గొంతులుంటే నాలుగూ విడివిడిగా వినబడాలి" అన్నాడు.

పెర్మల్ కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "మినీబస్సు వాళ్ళంతా గుద్దుడు అడుగుతారు. గొంతులు అడిగినవాడివి నువ్వేనన్నా."

"పాడినవాణ్ణి కదా."

"ఓ, ఆ పాటా." పెర్మల్‌కు కూడా ఆ మాట తెలుసు. అతనూ ఆ బస్సు ఎక్కినవాడే.

కామినియేలి ముందుగా మెరిసే అంచులున్న జత ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అట్టపెట్టె మీద వాట్లు ఇంత పెద్ద అంకెల్లో వేసి ఉన్నాయి. పెర్మల్ దాన్ని మెల్లగా లాగేసుకున్నాడు.

"పెద్దంకె చూడకు. అది స్పీకరు చచ్చేముందు ఒక్క క్షణం పెట్టే కేక. లోపల కాగితంలో చిన్నక్షరాల్లో ఇంకో అంకె ఉంటుంది, అదే ఇది రోజంతా మొయ్యగల బరువు. ఆంప్లిఫయరు దానికి సరిపోయేది పెట్టుకోవాలి. ఎక్కువైతే కాలుతుంది, బొత్తిగా తక్కువైతే నువ్వు గొంతు పెంచి పెంచి దాన్ని చంపుతావు."

టెస్టు చెయ్యడానికి ఆ పాటే పెట్టమన్నాడు కామినియేలి. అతని ఫోనులో ఉన్నది క్యాసెట్టు నుంచి ఎవరో ఎక్కించినది, సగం గీతలూ గుసగుసలూ. పెర్మల్ తన ఫోనులో వెతికి, "ఇదిగో, ఈ మధ్యే పెట్టారు. స్టూడియో అసలు టేపు నుంచి తీశారట, శుభ్రంగా ఉంది" అన్నాడు.

మొదటి జతలో గొంతులన్నీ దుప్పటి కప్పుకుని పాడినట్టుగా వచ్చాయి. రెండోదానిలో గిటారు తీగలు చెవిలో సూదుల్లా దిగాయి, మనుషులు ఎక్కడో వెనక ఉండిపోయారు. ఆ తర్వాత పెర్మల్ బూడిదరంగు జత ఒకటి నొక్కాడు. చూడడానికి ఏ సోకూ లేదు. కానీ పాట వచ్చి గదిలో నిలబడింది. అడుగు గొంతు నేల మీద, మధ్య గొంతులు రెండూ భుజం భుజం రాసుకుంటూ, పై గొంతు వాటి మీదుగా తెరచాపలా విచ్చుకుంది. కామినియేలి కళ్ళు మూసుకున్నాడు.

"ఇది తక్కువ కరెంటుకే గట్టిగా పలుకుతుంది. నీ దగ్గర పెద్ద ఆంప్లిఫయరుకి డబ్బు లేదు కాబట్టి నీకు ఇలాంటిదే కావాలి" అన్నాడు పెర్మల్. జపాను నుంచి వచ్చి ఇక్కడ తుక్కయిన కారులోంచి తీసిన చిన్న ఆంప్లిఫయరు ఒకటి చూపించాడు. "ముందు జత తలుపుల్లో, వెనక జత పైకప్పు దగ్గర. పెద్ద పెట్టె కూడా కావాలంటే ఈ డబ్బుకి ఇవేవీ రావు, తవుడు బస్తా లాంటిది ఒకటి వస్తుంది."

"పెట్టె వద్దు" అన్నాడు కామినియేలి. బావతో తర్వాత తిట్లు తిందామనుకున్నాడు.

బిగించడానికి సగం రోజు పట్టింది. పెర్మల్ తలుపు అట్టలు ఊడదీసి, లోపలి కంతలన్నిటికీ తారు పూసిన మందపాటి రేకులు అతికించాడు. వెనకకు పోయే శబ్దం ముందుకొచ్చే శబ్దాన్ని తినేస్తుందని చెప్పాడు. లావుపాటి రాగి తీగ బ్యాటరీ నుంచి లాగి, ఆంప్లిఫయరును డ్రైవరు సీటు కింద పెట్టాడు. అంతా అయ్యాక, "కూర్చుని విను. నేను టీ తాగొస్తా" అని వెళ్ళాడు.

కామినియేలి ఇంజను ఆపి, అద్దాలన్నీ ఎత్తి, ఆ పాట పెట్టుకున్నాడు.

మొదటి చరణం హాయిగా సాగింది. నడిరోడ్డు మీద, ఇంజను మోతలో, పిల్లల కేకల్లో ఇన్నేళ్ళూ విన్నది ఈ పాటేనా అనిపించింది. ఉకులేలే మీద వేలిగోరు తగలడం కూడా వినబడుతోంది. తర్వాత "కువా ని లాకో" వచ్చింది. ముగ్గురు "కువా" అన్నారు. పైనున్నవాడు "ఉవా" అన్నాడు.

అతను వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాడు. ముగ్గురు "లాకో" అన్నారు. పైనున్నవాడు "లా-ఓ" అన్నాడు. క అక్షరాన్ని గొంతులోనే మింగేసి, ఆ చోట చిన్న ఖాళీ వదిలాడు. తవెయునీ దీవివాళ్ళు అలా మింగుతారు. తైలేవులో ఎవరూ అలా అనరు. అతను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ అలా అనలేదు.

పెర్మల్ టీ తాగి వచ్చి అద్దం మీద తట్టేసరికి అతను ఆ ఒక్క పంక్తినే తిప్పి తిప్పి వింటున్నాడు.

"ఎలా ఉందన్నా?"

"బాగుంది. అంతా వినబడుతోంది" అన్నాడు కామినియేలి.

స్టూడియో రోజు అతనికి బాగా గుర్తుంది. దుకాణం మీది గది, గోడల నిండా వేలాడగట్టిన చాపలు. అతనికి ముందు రాత్రి నుంచి జ్వరం, దగ్గు. పై స్వరానికి వెళ్ళేసరికి గొంతు పగిలిపోయేది. మళ్ళీ మళ్ళీ పాడించారు. గాజు తలుపు అవతల స్టూడియో అతను సకియాసితో ఏదో మాట్లాడాడు. సకియాసి వచ్చి, "చాలు కామీ, అదిరింది. నువ్వు ఇంటికెళ్ళి పడుకో" అన్నాడు. కామినియేలి సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చేశాడు. క్యాసెట్టు చేతికొచ్చి విన్నప్పుడు, తను పాడాననుకున్నదానికంటే ఎంతో బాగుంది. అడిగితే సకియాసి, "మిషన్లుంటాయి, జలుబు తీసేస్తాయి" అన్నాడు. అతను నమ్మాడు. నమ్మడం చాలా తేలికగా అయిపోయింది.

శనివారం మధ్యాహ్నం సకియాసి ఇంటి వెనక షెడ్డులో నలుగురైదుగురు యాంగోనా వేరు పొడి నీళ్ళలో కలుపుకుని తాగుతూ కూర్చున్నారు. కామినియేలి వెళ్ళి పద్ధతి ప్రకారం చప్పట్లు కొట్టి, కొబ్బరి చిప్పెడు తాగి, చిప్ప తిరిగిచ్చేస్తూ అడిగాడు.

"బావా, ఆ పాటలో పైన పాడింది ఎవరు?"

"ఇదేం ప్రశ్న? ఊరూవాడా చెప్పుకు తిరిగేది నువ్వేగా."

"వాడు క అనడం లేదు."

"ఏం అనడం లేదు?"

"కువా అనడం లేదు, ఉవా అంటున్నాడు. నేను తవెయునీలో పుట్టలేదు బావా."

సకియాసి తల వెనక్కి వాల్చి నవ్వాడు. "ఇన్నాళ్ళకి పట్టుకున్నావురా. చెవుల్లో మైనం ఇప్పటికి కరిగిందా?"

కామినియేలి నవ్వలేదు. సకియాసి నవ్వు కొంచెం తగ్గించాడు.

"ఏం చెయ్యమంటావు? స్టూడియో ఆ ఒక్కరోజే మనది. నీ గొంతు చూస్తే తాటాకు చింపినట్టుంది. కింద దుకాణంలో ఒకడు పెట్టెలు మోస్తూ పాడుకుంటున్నాడు. ఎపినేరి అని, తవెయునీ కుర్రాడు. పైకి పిలిచాం. రెండుసార్లు విన్నాడు, మూడోసారి పాడేశాడు. కడుపునిండా చేపా చేమదుంపలూ పెట్టి పంపించాం. కవర్లు అప్పటికే నీ పేరుతో అచ్చయిపోయాయి. ఒక్క పేరు కోసం అన్నీ పారేస్తామా?"

"నాకు చెప్పచ్చుగా."

"చెబుదామనే అనుకున్నా. నువ్వు క్యాసెట్టు పట్టుకుని ఇంటింటికీ ఊరేగావు. నీ సంబరం చూసి నోరు రాలేదు."

మూల కూర్చున్న ముసలాయన గడ్డం గోక్కుంటూ, "నీకు నిజంగా తెలీదా కామీ? మేమంతా నువ్వు సరదాకి అంటున్నావనుకున్నాం. బావామరుదుల పరాచికమేమోనని" అన్నాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు. తను చెయ్యెత్తి పైకి చూపించినప్పుడల్లా రోజూ ఎక్కేవాళ్ళు ఎందుకు నవ్వుకునేవాళ్ళో అతనికి అప్పుడు అర్థమైంది.

"ఆ మనిషి ఇప్పుడెక్కడున్నాడు?" అని అడిగాడు.

"ఎక్కడో ఏంటి, మన నౌసోరి మార్కెట్లోనే. బస్తాలు మోస్తాడు. నీ బస్సే ఎక్కుతాడు" అన్నాడు సకియాసి. "ఇదిగో, ఉడుక్కోకు. అయిపోయిన సంగతి. పెట్టె ఎందుకు పెట్టించలేదో అది చెప్పు ముందు."

ఇంటికి వెళ్ళేసరికి లితియానా గుమ్మంలో కూర్చుని కొబ్బరి కోరుతోంది. అతను ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు తెలుసా?"

ఏమిటని ఆమె అడగలేదు. షెడ్డులో మాట అప్పటికే ఇంటికి చేరినట్టుంది. "తెలుసు" అంది.

"ఎప్పట్నుంచి?"

"ఆ రోజు మా అన్న ఇంటికొచ్చి మా అమ్మతో చెబుతుంటే విన్నాను."

"అంటే మన పెళ్ళికి ముందే."

"ముందే. నేను గొంతుని చేసుకున్నాననుకున్నావా ఏంటి?"

ఆ మాట ఆమె మంచికే అంది. ఇంకొక రోజు అని ఉంటే అతను మురిసిపోయేవాడు కూడా.

"ఒక్కసారి చెప్పలేకపోయావా?"

"మొదట్లో చెబుదామనుకున్నా. అప్పటికే మా ఊరంతా చెప్పేశావు. పిల్లలు పుట్టాక వాళ్ళకి చెప్పావు. వాళ్ళ పెళ్ళిళ్ళలో మైకు పట్టుకుని చెప్పావు. ఏ పూట చెప్పమంటావయ్యా నన్ను?"

"ఏదో ఒక పూట."

ఆమె మళ్ళీ చేతిలోని చిప్ప కోరడం మొదలుపెట్టింది. కోరాల్సిన కొబ్బరి ఇంకా చాలా ఉంది. అతను పక్కనుంచి లోపలికి వెళ్ళాడు.

నౌసోరి మార్కెట్లో ఎపినేరిని వెతకనక్కర్లేకపోయింది. అక్కడివాళ్ళు చూపించగానే పోల్చుకున్నాడు, బస్సులో తలుపు పక్క సీటు మీద కూర్చునే సన్నటి మనిషి. ఏనాడూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. పాట వచ్చినప్పుడు కిటికీలోంచి బయటకు చూసేవాడు. కామినియేలి ఒకసారి వెనక్కి తిరిగి అతన్నే ప్రత్యేకంగా, "ఏం పెద్దాయనా, విన్నావా నా గొంతు?" అని అడిగాడు. అతను "విన్నాను" అన్నాడు. ఆ మాట ఇప్పుడు మార్కెట్టు మధ్యలో కామినియేలికి గుర్తొచ్చింది.

ఎపినేరి లారీ నుంచి చేమదుంపల బస్తా వీపు మీదికి తీసుకుంటున్నాడు. "ఆమినియేలీ" అని పలకరించాడు. క మింగేశాడు.

"ఎపినేరీ, ఆ పాట పాడింది నువ్వేనా?"

"నీదేగా. రోజూ చెబుతావు."

"నాకు తెలీదు."

ఎపినేరి బస్తా దించి అతని మొహం కేసి చూశాడు. ఇది ఇంకో రకం వేళాకోళమేమోనని వెతుకుతున్నట్టు చాలాసేపు చూశాడు. "తెలీదా" అన్నాడు చివరికి.

"ఎప్పుడూ నాతో ఎందుకనలేదు?"

"నీతో అని ఏం లాభం? మా ఇంట్లో చెప్పాను. రేడియోలో వచ్చినప్పుడల్లా నా కూతుర్ని ఎత్తుకుని, ఇదిగో ఇది మీ నాన్న అని తిప్పేవాణ్ణి. బళ్ళో కూడా చెప్పుకునేది పాపం. పెద్దయ్యాక నీ బస్సు ఎక్కింది. నువ్వు చెయ్యెత్తి నాదే అన్నావు. ఇంటికొచ్చి నన్ను నిలదీసింది. నేను అవునన్నాను. ఎక్కణ్ణించో క్యాసెట్టు కవరు తెచ్చి నా మొహం మీద పెట్టింది. నీ పేరుంది. నేనప్పుడు తాగేవాణ్ణి కూడా. తాగుబోతు కూతల్లో ఇదొకటనుకుంది."

"ఇప్పటికీ అదే అనుకుంటోందా?"

"ఇప్పుడు మేం దాని గురించి మాట్లాడుకోం."

"నేను చెబుతాను. ఎవరా అమ్మాయి?"

"వాసితి. సూపర్‌మార్కెట్లో బిల్లులు వేస్తుంది, ఆకుపచ్చ చొక్కా. నీ బండికే పోతుంది పొద్దున." ఎపినేరి మళ్ళీ వంగి బస్తా చెవులు పట్టుకున్నాడు. "చెబితే చెప్పు. మానితే మానెయ్. నాకు ఈ లారీ ఖాళీ చెయ్యాలి."

కామినియేలి సాయం పట్టబోయాడు. ఎపినేరి వద్దన్నాడు.

సోమవారం పొద్దున ఆకుపచ్చ చొక్కా అమ్మాయి ఎక్కి రెండో వరసలో కూర్చుంది. నాసినూ దగ్గర బండి ఆగింది. కామినియేలి పాట పెట్టాడు. కొత్త స్పీకర్లలో గొంతులు బస్సంతా నిండాయి. ఎవరో "అబ్బ, ఏం పెట్టించావు మామా" అన్నారు. పిల్లలు కూడా కాసేపు ఊరుకున్నారు. ఆ చోటు వచ్చింది. అతను చెయ్యెత్తలేదు. వెనక్కి తిరిగాడు.

"అమ్మా వాసితీ, ఆ పైన పాడేది మీ నాన్న. నేను కాదు."

వెనక నుంచి ఒక కుర్రాడు, "మొన్నటిదాకా నీదేగా మామా, ఎప్పుడు అమ్మేశావు?" అన్నాడు. బస్సంతా ఘొల్లుమంది.

వాసితి మొహం ఎర్రబడింది. "ఎవరు చెప్పమన్నారు మీకు? మా నాన్నా?"

"లేదమ్మా. నేనే విన్నాను. ఆ గొంతు క అనడం లేదు. మీ నాన్న పలికినట్టే..."

"ఇన్నేళ్ళూ మీదే అన్నారు కదా. మీ గొంతు మీకు తెలియదా మామా?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. కామినియేలి నోరు తెరిచాడు. జ్వరం సంగతి, చాపల గది సంగతి, మిషన్ల సంగతి, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. వాటిలో ఏదీ ఆ ప్రశ్నకు జవాబు కాదు. వెనకున్న కారువాడు హారను కొట్టాడు. అతను ముందుకు తిరిగి గేరు వేశాడు.

సువాలో దిగేటప్పుడు ఆమె మెట్టు మీద ఆగింది. "మా నాన్నని అబద్ధాలకోరని మొహం మీదే అన్నాను. మా అమ్మ ముందర. ఆయన అంతేననుకుని నేనేదో అలవాటు పడిపోయాను. ఇప్పుడు మీరొచ్చి పదిమందిలో నవ్వులపాలు చేశారు. ఆయన్నీ, నన్నూ." మళ్ళీ ఎప్పుడూ ఆ బస్సు ఎక్కలేదు.

ఆ వారమే కథ రోడ్డంతా పాకింది. బడిపిల్లలు అతనికి అమ్మేసిన గొంతు మామ అని పేరు పెట్టారు. ఎక్కుతూనే "మామా, ఇవాళ ఎవరిది?" అని అడిగేవాళ్ళు. సకియాసికి అది చికాకైంది. బస్సు నవ్వులాటైపోయిందని కొంత, చర్చిలో తనను అదోలా చూస్తున్నారని కొంత. ఒక ఉదయం బండి తీసుకుపోయి, బూడిదరంగు స్పీకర్లు పీకించి, సీటు కింద పెద్ద పెట్టె బిగించి తెచ్చాడు.

"ఇంక నీకు ఏ అక్షరమూ వినబడదు. హాయిగా తోలుకో" అన్నాడు తాళాలు విసురుతూ.

పరాచికమే. కామినియేలి బదులు చెప్పాలి, అది పద్ధతి. అతను తాళాలు బల్ల మీద పెట్టి, "ఇంకెవరినైనా చూసుకో" అన్నాడు.

"అంటే ఏంటి, ఉడుక్కున్నావా?"

"అవును బావా. ఉడుక్కున్నాను."

ఆ ఇద్దరి మధ్య పరాచికం అంతటితో ఆఖరు. ఎదురుపడితే ఇప్పుడు పరాయివాళ్ళలాగా మర్యాదగా మాట్లాడుకుంటారు. లితియానా ఇద్దరికీ వేరువేరుగా వడ్డిస్తుంది.

కామినియేలి కోళ్ళ కంపెనీ వ్యాను పనిలో కుదురుకున్నాడు. తెల్లవారుజామున బయల్దేరి ప్లాస్టిక్ పెట్టెల్లో కోళ్ళను దుకాణాలకు చేర్చాలి. చర్చి గాయకుల వరసలో అతని చోటు ఖాళీగా ఉండిపోయింది. పాటల పెద్ద రెండుసార్లు ఇంటికి వచ్చి అడిగాడు. మూడోసారి రాలేదు. ఒంటరిగా వ్యానులో ఉన్నప్పుడు అతను అప్పుడప్పుడూ గొంతు సవరించుకుని ఆ పంక్తి ఎత్తుకోబోయేవాడు. క స్పష్టంగా వచ్చేది. మిగతా దేని మీదా నమ్మకం కుదిరేది కాదు.

ఏడాది తిరక్కుండా ఎపినేరి పోయాడు. ఊపిరితిత్తుల జబ్బు, చాలాకాలంగా ఉన్నదేనట. నౌసోరిలో వాళ్ళ బంధువుల ఇంటి ముందు టార్పాలిన్ కట్టి చాపలు పరిచారు. కామినియేలి ఒక చేమదుంపల కట్ట తీసుకుని వెళ్ళి వెనక కూర్చున్నాడు.

కాసేపటికి సకియాసి వచ్చాడు. ఇస్త్రీ చేసిన నల్ల సులు లుంగీలా కట్టుకుని, ఇద్దరు మనుషులు వెంటరాగా, చావింటికి గౌరవంగా అప్పగించే తిమింగలం పన్ను చేతిలో పట్టుకుని. నేల మీద కూర్చుని పన్ను ముందుకు చాచి, పెద్దమనిషి తీరులో మాట్లాడాడు.

"ఈ దేశంలో ఒక గొంతు ప్రతి ఇంటికీ వెళ్ళింది. ఆ గొంతు గలవాడు తన పేరు అడగలేదు. ఆ గొంతును మొదట విని, పైకి పిలిచి, మైకు ముందు నిలబెట్టిన అదృష్టం నాది. మా బృందానికి ప్రాణం ఎపినేరి. ఇవాళ ఆ మాట అందరి ముందూ చెప్పి, ఆ గౌరవం ఈ ఇంటికి అప్పగిస్తున్నాను."

ఆడవాళ్ళు చేతులు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చారు. బంధువుల్లో పెద్దాయన పన్ను అందుకుని కృతజ్ఞత చెప్పాడు. వాసితి మోకాళ్ళ మీద ముందుకు వచ్చి సకియాసి రెండు చేతులూ పట్టుకుంది. ఏడుస్తూ, "మా నాన్న బతికుండగా ఈ మాట విని ఉంటే ఎంత బాగుండేదో మామా" అంటోంది. సకియాసి ఆమె తల నిమిరాడు. అతని కళ్ళలోనూ నీళ్ళున్నాయి. అవి దొంగనీళ్ళు కావు. తను చెప్పిన మాట తనే నమ్మి ఏడుస్తున్నాడు.

కామినియేలి లేచి ఇంటి వెనకకు వెళ్ళాడు. అక్కడ మగవాళ్ళు వంటకు కర్రపెండలం చెక్కుతున్నారు. వాసితి నీళ్ళ కోసం అటు వచ్చి అతన్ని చూసి ఆగింది.

"వచ్చారా" అంది.

"వచ్చానమ్మా. నేను ఆ రోజు బస్సులో..."

"తెలుసు. మీరు చెప్పారు." ఆమె బకెట్టు కొళాయి కింద పెట్టింది. "కానీ మీరు చెబితే ఎలా నమ్ముతాం మామా? అంతకుముందూ మీరే చెప్పారుగా."

బకెట్టు నిండగానే ఆమె దాన్ని ఎత్తుకుని వెళ్ళిపోయింది. కామినియేలి కత్తి అడిగి తీసుకుని మిగతావాళ్ళ మధ్య కూర్చుని కర్రపెండలం చెక్కాడు. ముందువైపు శవపేటిక లేపుతున్న అలికిడి వినిపించినప్పుడు చేతులు కడుక్కుని, అందరూ వెళ్ళాక, వాళ్ళ వెనక నడిచాడు.